పెంచలయ్య వస్తే ధర పడతాది

ధనశేఖర్ సారు ఏ మాటనూ ఊరికే ఒప్పుకోడు. చిత్తూరులో ఏళ్ల తరబడి స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషి కదా! సాంబారులో ఉప్పెక్కువైందా అని భార్య చంద్రకాంతమ్మ అడిగితే, "ఒక్క ముద్దకే యాడ తెలుస్తాది? శాంపిల్ చాలదు," అని గిన్నె ఖాళీ చేసి, అప్పుడు "ఎక్కువే," అంటాడు. ఆయనతో వేగడం ఆమెకు అలవాటైంది గానీ ఓర్పు మాత్రం రాలేదు.

పిల్లి ఎదురొస్తే పని చెడుతుందన్న పక్కింటాయన్ను కూడా ఆయన వదల్లేదు.

"పిల్లి ఎదురొచ్చినా పని జరిగిన రోజులు ఏమైనాయప్పా?"

"అంటే సంబంధం లేదంటారా సార్?"

"లేదని నేను అన్లా. ఉండాదనేదానికి ఆధారం చాలదంటా ఉండా."

ఆ రెంటికీ తేడా వివరించేసరికి పక్కింటాయన ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. నింద మళ్లీ పిల్లి మీదే పడింది.

మామిడికాయల కాలంలో ఒకరోజు పెంచలయ్య వచ్చి గడపలో కూలబడ్డాడు. మండీలో కాయలు దించే కూలి అతను.

"నేనొచ్చిన రోజల్లా ధర పడతాదంట సారూ. ఇంక రావద్దన్నాడు సుందరరాజు. ఈ సీజను పోతే ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగేది?"

చంద్రకాంతమ్మ గబగబా లోపలికి పోయి అతనికి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సారు మాత్రం తాపీగా, "ధరలు సూడకుండా ఎట్లా చెప్పేది?" అన్నాడు.

మండీ యజమాని సుందరరాజు ఫోన్లో ఉన్న ధరలూ, పెంచలయ్య వచ్చిన రోజులూ రాసి తెచ్చుకొని సారు సాయంత్రం దాకా లెక్కలు వేశాడు. "ఏ సంబంధమూ లేకుంటే, ఊరికే ఇట్లా కుదిరేది నూటికి ఒకసారి గూడా ఉండదు. సంబంధం ఉండాది," అన్నాడు మెల్లగా.

"జన్మలో ఒక్కసారి ఉండాదంటిరి. అదీ పేదోడి నోట్లో మన్ను కొట్టేదానికా?" అంది ఆమె.

ఆయన మర్నాటి నుంచి కాఫీ కూడా తాగకుండా పొద్దున్నే మండీ గేటు దగ్గర నిలబడి, వచ్చే ట్రాక్టర్లను లెక్కపెట్టాడు. రైతులు ఆయన్ను గేటు మనిషి అనుకుని దారి అడిగారు. వారం తర్వాత చంద్రకాంతమ్మే మనసాగక ఫ్లాస్కు పట్టుకుని వెళ్లేసరికి, సుందరరాజును ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉన్నాడు.

"పెంచలయ్యను ఎప్పుడు పిలుస్తా ఉంటివి?"

"కాయ ఎక్కువొచ్చిన రోజు సార్. మామూలుగా అయితే నా మనుషులే చాలు."

"కాయ ఎక్కువొస్తే ధర ఏమైతాది?"

"పడతాది."

"ఈ వారం వాడు లేడే. ట్రాక్టర్లు ఎక్కువొచ్చిన రోజు ధర నిలిచిందా?"

సుందరరాజు నెత్తి గోక్కున్నాడు. "నిలవలా సార్. వాణ్ని రమ్మనండి. రేపు కాయ శానా వస్తాది."

ఇంటికి నడుస్తుంటే చంద్రకాంతమ్మకు పాత సంగతి గుర్తొచ్చింది. ఆమె కాపురానికొచ్చిన ఏడే ఇంట్లో పాడి ఆవు చచ్చిపోయింది. "ఈ పిల్ల కాలు పెట్టిన వేళ..." అని అత్త మొదలుపెట్టగానే ఈయన "ఆధారం చాలదు" అన్నాడు. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అప్పుడు ఆమె దాన్ని ఉట్టి చాదస్తం అనుకుంది.

"అయితే నన్ను చేసుకున్నాక మీకు కలిసొచ్చిందా?" అని అడిగింది.

"ఒక్క పెండ్లితో ఏం తేలతాది? శాంపిల్ చాలదు."

నాలుగడుగులు వేశాక ఆగి, ఫ్లాస్కులో మిగిలిన కాఫీ ఆమెకు పోస్తూ అన్నాడు: "ఇంకోటి చేసుకొని సూడాలని మాత్రం నాకు లేదు."