సేఫ్టీ బూటుతో తన్నినవాడు

మంగళవారం మధ్యాహ్నం బస్సు కడుగుతుంటే ఫోన్ వచ్చింది. మెసయీద్ ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉండగానే మా పక్కగది తమ్ముడు పోయాడట. గుండె. నాకంటే చిన్నవాడు. వరస తప్పింది.

ఆయనది కోనసీమ, ఎరువుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్. నేను జగిత్యాల వాణ్ణి, డ్రైవర్ని. ఈ గల్ఫ్ దేశంలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో పదిమందిమి పంచుకున్న విల్లాలో మా గదుల మధ్య ఒక ప్లైవుడ్ గోడ. పొద్దున్నే దాని మీద తట్టి "అన్నగారూ, బీపీ మాత్ర!" అని గుర్తుచేసేవాడు. ఆయన గుండె సంగతి గుర్తుచేసే గోడ లేకపోయింది.

ఇక్కడ సెలవు శుక్రవారమే. ఆ రోజు మెసైమీర్‌లో చర్చి ప్రార్థన కాగానే అమెరికన్ ఫుట్‌బాల్‌కు బయల్దేరేవాడు. నేనూ తోడు పోయేవాణ్ణి. ఇక్కడ ఉద్యోగాలు చేసే అమెరికావాళ్ళు సరదాకి పెట్టుకున్న జట్టు అది. కోడిగుడ్డు లాంటి బంతి కోసం దున్నపోతుల్లా కుమ్ముకుంటారు. మధ్యలో ఒకణ్ణి పిలిచి రెండు స్తంభాల నడుమ నుంచి బంతి తన్నిస్తారు. ఆ తన్నేవాడు మా తమ్ముడు. ఊరికి ఫోన్ చేసి చెబితే, గల్ఫంతా దుబాయే అనుకునే మా బావమరిది, "దుబాయ్‌ల తన్నుడు గూడ పనేనా బావా? మా మేస్త్రి పుణ్యానికే తంతడు" అన్నాడు.

ఆయన తన్ను పాతకాలపుది. ముందు ఇనుము ఉన్న సేఫ్టీ బూటుతో నేరుగా పొడిచేవాడు. ఒకప్పుడు అమెరికాలోనూ అంతేనట. తర్వాత పక్కపాదంతో కొట్టేవాళ్ళు వచ్చారు. దగ్గర్నుంచి తప్పకపోతే చాలనే రోజులు పోయి, ఎక్కడో సగం మైదానం నుంచి వేసేవాడు కావాలన్నారు. ఇప్పుడు ఆట మొదలుపెట్టే తన్నుకు బలం ఒక్కటే చాలదట, బంతి ఫలానా చోట పడి వంకరగా ఎగరాలట.

"కూరలో ఉప్పు సరిపోతే ఎవరైనా మెచ్చుకుంటారా అన్నగారూ? దగ్గరి తన్నూ అంతేనండి" అనేవాడు.

పోయినేడు దూరం తన్నే లెబనాన్ ఇంజనీరొకడు జట్టులో చేరాడు. అతను తన్నేదాకా, నేల మీద మోకాలు ఆనించి, బంతిని వేలితో నిలబెట్టే పని తమ్ముడికి ఇచ్చారు. మారుమాట లేకుండా చేశాడు. కానీ మ్యాచ్‌లో ఇంకొక్కసారి తన్నాలని ఆయన ఆశ. ప్లైవుడ్ గోడ ఏం దాస్తుంది? ప్రతి శుక్రవారం బూటు మీద బ్రష్ చప్పుడు వినబడేది.

మొన్న శుక్రవారం ఇంజనీరు సెలవులో ఉన్నాడు. ఆట చివరికి వచ్చింది, స్తంభాలు దగ్గరే. తమ్ముడు తాళ్ళు బిగించి గీత దగ్గర నిలబడ్డాడు. కోచ్ ఆయన వంక చూసి, తల అడ్డంగా ఊపి, "యల్లా, పదండి! బంతితోనే పరిగెత్తండి!" అని మిగతావాళ్ళకు అరిచి చెప్పాడు. పరిగెత్తారు. గెలిచారు కూడా. ఓడితే తిట్టుకోవడానికైనా ఉండేది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

అందరూ పోయాక, "ఇప్పుడు తన్ను తమ్మీ, అడ్డమెవడున్నడు?" అన్నాను.

"బంతి పట్టుకోడానికి మనిషి కావాలండి."

నేను వంగాను. సగంలోనే నా మోకాళ్ళు మాఫీ అన్నాయి. ఆ మాటకు మన దగ్గర అప్పు వదిలేయడమని అర్థం, ఇక్కడ 'లేదు' అని. ఆయనే నా రెక్క పట్టి లేపాడు.

"ఒద్దులెండి అన్నగారూ, మిమ్మల్ని పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి" అని నవ్వాడు.

బంతిని తనే నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఒరిగింది. వచ్చి మళ్ళీ నిలబెట్టాడు. ఈసారి వెనక్కి వెళ్ళేలోపే గాలి దాన్ని పడేసి, గడ్డి మీద అటూ ఇటూ దొర్లించింది. ఆయన ఒక కాలు ముందుకు పెట్టి, అది ఆగుతుందేమోనని చూస్తూ నిలబడ్డాడు.