తెల్లకుక్కకు తాడు

గొర్రెల బావ ఆ రోజు మా ఇంటికి వచ్చింది కొట్లాటకు కాదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే మా అమ్మ ఇప్పటికీ అది కొట్లాటే అంటుంది. ఆయన వాకిట్లో నిలబడి, భుజం మీది గొంగడి దించకుండా, అరుగు మీద కూర్చున్న మా నాయనతో నెమ్మదిగానే మాట్లాడాడు.

"మామా, మీ తెల్లది పొద్దున మా మందలోకి దూరింది. చూలు గొర్రె ఒకటి బెదిరి వంకలో పడి సచ్చింది. నష్టం ఇయ్యమని రాలేదు నేను. ఇంగోసారి అది విడిగా మంద దగ్గర కనబడిందంటే మాత్రం కొట్టేస్తా. చెప్పి కొడదామని వచ్చినా."

"కొట్టేస్తావా?" అన్నాడు నాయన.

"కొట్టేస్తా. గొర్రెల్ని తరిమే రుచి మరిగినాక కుక్క ఇంగ మానదు. మా కుక్క అట్ల చేసినా మేం ఉంచం. నీకు తెలవంది ఏముంది మామా."

నాయనకు తెలుసు. మా వైపు గొర్రెలు పెంచేవాళ్లందరికీ అదే కట్టుబాటు. మొదటిసారి ఇంటికి వచ్చి చెబుతారు, రెండోసారి చెప్పరు. అందులో కోపం ఉండదు, కాబట్టి బతిమాలడానికి చోటు కూడా ఉండదు. బావ మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్లిపోయాడు.

తెల్లది నాయన కాళ్ల దగ్గరే పడుకుని ఉంది, తన గురించే మాట జరిగిందని తెలియనట్టు.

బావ చెప్పిన మాటలో కుక్క ఒక్కటే కాదు, నాయన నడక కూడా ఇరుక్కుని ఉంది. అప్పటికి ఆయన రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. మనుషులను గొంతు బట్టి పోల్చుకునేవాడు. కానీ తెలుపు మాత్రం కొంత దూరం దాకా కంటికి ఆనేది. మా చేను ఊరికి పడమర, వంక అవతల. దారంతా ఎర్ర గరుసు నేల, మధ్య మధ్య పలకరాయి అంచులు, రెండు పక్కలా రేగుకంప. తెల్లది ముందు నడిచేది, ఆయన ఆ తెలుపు వెంట నడిచేవాడు. అది ఒరిగితే తనూ ఒరిగేవాడు, అది ఆగితే కాలితో తడిమి చూసుకునేవాడు. ఎవరూ నేర్పింది కాదు. చూపు తగ్గేకొద్దీ వాళ్లిద్దరి మధ్య అట్లా కుదిరింది. చేనులో ఆయన చేసే పని పెద్దగా ఉండేది కాదు. జొన్న కంకులు తడిమి గింజ పట్టిందో లేదో చూసేవాడు, కంది మొదళ్లలో గడ్డి చేతికి తగిలితే పీకేవాడు. కానీ చేనికి పోని రోజు ఆయన అన్నం సరిగా తినేవాడు కాదు.

నేను చెన్నపట్నంలో ఓవర్సీరు చదువు ముగించుకుని, ఉద్యోగపు ఉత్తరువు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఉన్నన్నాళ్లూ ఆయనను చేయి పట్టుకుని తీసుకుపోగలను. తర్వాత? అమ్మకు పశువుల పనితోనే పొద్దు గడిచిపోతుంది. కుక్కను ఇంట్లో కట్టేస్తే నాయన చేనికి పోలేడు. విడిచిపెడితే కుక్క చస్తుంది. కాబట్టి అది తాడు మీద నడవాలి, తాడు నాయన చేతిలో ఉండాలి.

చెన్నపట్నం సముద్రపుటొడ్డున దొరలు, దొరసానులు కుక్కలను తోలు వార్లతో నడిపించడం నేను చూశాను. మా ఊళ్లో అట్లాంటిది లేదు. కుక్కను కాపలాకు కట్టేస్తారు, లేదా విడిచిపెడతారు. కట్టి నడిపించేది పశువును మాత్రమే. నాయన కూడా మొదట ఒప్పుకోలేదు. "కుక్కకు తాడేంది రా, అదేమన్నా దూడా?" అన్నాడు. మరునాడు పొద్దున తనే లేచి తాడు వెతికాడు.

ఆయన చేతికి దొరికింది చేంతాడు. బావిలోకి కడవ దించేటప్పుడు కడవ మెడకు ఎట్లా ఉచ్చు వేస్తామో అట్లాగే తెల్లదాని మెడకు వేశాడు. చేంతాడు పట్టుకుంటే ఆ చేతులకు అలవాటైన ముడి అదే. కడవకు అది సరైన ముడి. బరువు పెరిగేకొద్దీ బిగుస్తుంది, కడవ జారదు. తాడు రెండో కొస గుంజకు కట్టి నాయన చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఇంతలో దొడ్డిగోడ మీద పిల్లి కనబడింది, తెల్లది గోడ దూకింది. దూకిన తర్వాత తాడు చాలక నేల అందలేదు, ఉచ్చు బిగుసుకుంది. అమ్మ కేక విని నేను కొడవలితో పరుగెత్తి తాడు కోశాను. కాసేపు అది గరగరమని దగ్గి, లేచి, పిల్లి పోయిన దిక్కుకే చూసింది.

"చూడు దాని బుద్ధి! పానం పోయొచ్చినా పిల్లే కావాల!" అంది అమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

నాయన దాని మెడ చుట్టూ వేళ్లతో తడిమి, తాడు ఒరిసిన చోట ఆముదం రాశాడు. ఆ రోజు చేనికి పోలేదు.

అప్పుడు నేను కూర్చుని ఆలోచించాను. నా చదువు నాకు నేర్పింది ముఖ్యంగా ఒకటే: ఏ వస్తువైనా చేసే ముందు అది ఏ ఏ విధాలుగా చెడిపోగలదో రాసుకోవడం. ముడి బిగుసుకుపోవచ్చు. మెడకు కట్టే పట్టెడ వదులై తల ఊడిపోవచ్చు. కుక్క తాడును కొరకవచ్చు. తాడు పొడుగైతే నాయన కాళ్లకు చుట్టుకుంటుంది, పొట్టిదైతే కుక్క ఆయన కాళ్లలోనే నడుస్తుంది, దారి చూపించలేదు. గుంజినప్పుడు ఆయన పడిపోవచ్చు. ఇవన్నీ విడివిడిగా చూస్తే చిన్నవే. చిక్కేమిటంటే, ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడేది.

గొలుసు తెగదు, కుక్క కొరకలేదు. కానీ బరువుకు తెల్లది తల వంచుకుని నడిచింది, నాయన దాన్ని చేతిలో పట్టుకుని, "జైలుకు తోలుకపోతున్నట్టుంది" అని కింద పెట్టేశాడు. కొబ్బరితాడు అరచేయి గీరేది. తోలు మెత్తగా ఉంటుంది, చేయి గీరదు అని, కంభం సంతకు పోయి మంచి తోలు వారు చేయించి తెచ్చాను. ఆముదం పట్టించి మెత్తబరిచాను కూడా. నేను పగటి నిద్ర లేచి చూసేసరికి తెల్లది దాన్ని సగం తినేసి, మిగతా సగం ముందు కాళ్ల మధ్య పెట్టుకుని కాపలా కాస్తోంది.

"కంభం పోయి కుక్కకు పలారం తెచ్చినాడు మీ కొడుకు," అంది అమ్మ నాయనతో. నాయన చాలా రోజుల తర్వాత ఆ రోజు నవ్వాడు.

చివరికి జనుము నిలిచింది. నార నాయనే పేనాడు. తాడు పేనడానికి కళ్లు అక్కర్లేదు. తొడ మీద నార పెట్టి అరచేతితో తోస్తుంటే తాడు సమంగా, ఒక్క బుడిపె లేకుండా పుట్టేది. మెడకు ఉచ్చు కాకుండా, పాత గొంగడి ముక్క చుట్టిన వెడల్పాటి పట్టెడ చేశాను. రెండు వేళ్లు దూరేంత వదులు, చెవులు దాటి ఊడనంత బిగువు. ఎద్దు పట్టెడకు ఉండే ఇనుప కడియం ఒకటి దొరికితే దానికి తాడు కట్టాను. పొడవు నాయన కంటిని బట్టి తేల్చాం. కుక్కను పట్టుకుని నేను ఒక్కో అడుగే దూరం జరుగుతుంటే, ఆయన "ఆ, ఉండాది... ఉండాది... ఇప్పుడు పోయింది" అన్నాడు. పోయిన చోటికి కొంచెం ఇవతల తాడు తెంపాను.

దానికి తాడు మీద నడక నేర్పడానికి మొదట నేనే వీధుల్లో తిప్పాను. అది ఊరందరికీ వేడుకైంది.

"ఏం అబ్బయ్యా, కుక్కను మేపుకొస్తుండావా?" అని ఒకామె.

"మేపడమేంది అత్తా, సంతకు తోలుకపోతున్నాడు. పూటకు కుంచెడు పాలిస్తాదంట!" అని ఇంకొకామె.

"చెన్నపట్నంలో ఇదే నేర్పినారంట లే!"

నేను తల వంచుకుని నడిచాను. తెల్లది మాత్రం ప్రతి వాకిట్లో ఆగి పలకరించి వచ్చింది.

అన్నీ కుదిరాయి అనుకునేటప్పటికి అసలు ప్రశ్న మిగిలింది. నాయన చేతిలో ఉండే కొస ఎట్లా ఉండాలి? మణికట్టుకు కట్టేయమంది అమ్మ, చెయ్యి జారదని. కట్టేస్తే కుక్క ఒక్కసారి దుమికినప్పుడు ఆయన గరుసు మీద బోర్లా పడతాడు. ఆ వయసులో తుంటి విరిగితే మళ్లీ లేవడు. కట్టకపోతే ఆయన పిడికిలి వదలవచ్చు, వదిలితే కుక్క మందలో ఉంటుంది, బావ కర్ర ఉంటుంది. యంత్రాలలో ఇట్లాంటి చోట మేం కావాలనే ఒక బలహీనమైన మేకు పెడతాం. బరువు మితిమీరితే ఆ మేకు విరిగి మిగతా యంత్రం బతుకుతుంది. అట్లాంటి మేకు ఇక్కడ కూడా పెట్టవచ్చని నాయనకు చెప్పాను. గట్టిగా గుంజితే కొస విడిపోతుంది, నువ్వు పడవు అన్నాను.

"అంటే కుక్కను పోగొట్టి నన్ను మిగిలిచ్చే మేకు," అన్నాడు.

"అవును నాయనా."

"వద్దు."

"మరి చేతికి కట్టాల్నా?"

"నేను వదలను లే," అన్నాడు. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

రెండు కొసల్లో ఏదో ఒకటి చెడాలన్న లెక్కలో నేను కొన్నాళ్లు తిరిగాను. ఇద్దరూ బతికే తాడు ఎందుకు ఉండకూడదని అడగడం నాకు ఆలస్యంగా తోచింది. నాయన వదిలినా కుక్క పరుగెత్తలేకపోతే చాలు. పరుగెత్తనీయకుండా చేసే వస్తువు మా దొడ్లోనే ఉంది. చేలల్లో పడే ఆవుకు మెడ నుంచి గుదికర్ర వేలాడదీస్తాం. నడిస్తే ఊగుతుంది, పరుగెత్తితే ముందు మోకాళ్లకు తగులుతుంది. కానీ కుక్క మెడకు ఎప్పుడూ కర్ర వేలాడితే అది నాయన ముందు సరిగా నడవదు. కాబట్టి కర్రను పట్టెడ కడియానికి వేలాడదీసి, తాడును పట్టెడకు కాకుండా కర్ర కింది కొసకు కట్టాను. నాయన తాడు పట్టుకుని ఉన్నంతసేపు ఆ బిగువుకు కర్ర కుక్క వీపు మీద వెనక్కి పడుకుని ఉంటుంది. వదిలిన మరుక్షణం జారి కాళ్ల ముందు పడుతుంది. వెదురు మరీ తేలికై వీపు మీదే ఉండిపోయింది. చండ్ర కొయ్య మరీ బరువై దెబ్బ తగిలింది. వేపకొమ్మ సరిపోయింది. మెడ దగ్గర తాడు బదులు కర్ర ఉండడంతో కొరకడం కూడా మానింది. దొడ్లో చాలాసార్లు వదిలి చూశాం. పిల్లి మాకు బాగా సాయపడింది.

మరునాడు పొద్దున ముగ్గురం చేనికి బయలుదేరాం. నేను నాయన వెనక నడిచాను, చేయి పట్టుకోలేదు. వంక దగ్గర మంద ఎదురైంది. తెల్లదాని చెవులు నిలబడ్డాయి. బావ మమ్మల్ని చూసి చేతికర్ర కిందికి దించి నిలబడ్డాడు.

"ఏంది బామ్మర్దీ, కుక్కకు పెండ్లి చేసినారా? మెడలో ఏందో కట్టినారు," అన్నాడు నాతో.

"అది పరుగెత్తకుండా బావా," అని నేను చెప్పబోతుంటే నాయన ఆగాడు.

"అల్లుడూ, నువ్వే గదా?"

"నేనే మామా."

"నేను దీన్ని వదలనని నీకు మాటిచ్చినా నువ్వు నమ్మవు. ముసిలోని చెయ్యి, నేనే నమ్మను. వదిలితే ఏమైతాదో నువ్వు చూడాల. మంద దూరంగానే ఉండాదా?"

"ఉండాది గానీ... మామా, వద్దు. చేసేది చేయకుండా ఉండలేను నేను. చెప్పినా గదా."

"తెలుసు," అన్నాడు నాయన. తాడు పట్టుకున్న చేయి ముందుకు చాపి, పిడికిలి తెరిచాడు.

దొడ్లో ఎన్నిసార్లు చూసినా, ఆ క్షణం నాకు నా కర్ర మీద నమ్మకం లేకపోయింది. తెల్లది దుమికింది. రెండు దుముకులు బాగానే వేసింది, బావ కర్ర పైకి లేచింది. మూడోదానికి వేపకొమ్మ కాళ్ల మధ్య అడ్డం పడింది. అది ముక్కు నేలకు గుద్దుకుని పల్టీ కొట్టి, లేచి, మళ్లీ పరుగెత్తబోయి, మళ్లీ పడింది. గొర్రెలు తలలెత్తి చూసి దగ్గరగా గుంపైనాయి, అంతే. తెల్లది తుమ్మి, కూర్చుని, మా వైపు తిరిగి చూసింది.

నాయన అట్లాగే చేయి చాపి నిలబడి ఉన్నాడు. ఆ దూరం ఆయనకు ఆనదు.

"ఏమాయ రా? ఎవురూ మాట్లాడరేంది?"

"పడింది నాయనా. కూచోనుంది."

"గొర్రెలు?"

"యాడివి ఆడనే ఉండాయి."

బావ అప్పటికి కర్ర దించాడు. మెల్లగా పోయి, తెల్లదాని మెడ దగ్గర వంగి, ఆ కడియాన్నీ కొమ్మనూ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకసారి గట్టిగా లాగి కూడా చూశాడు. తర్వాత నేల మీద పడి ఉన్న తాడు కొస తీసుకుని, కుక్కను నడిపించుకుంటూ వచ్చి, చాచి ఉన్న నాయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"పట్టుకో మామా. వంకకు ఎగువగా పోండి, ఆడ మంద రాదు."