తడి ఆరని గుట్ట

లేదండీ, ఇప్పటికీ నాది అదే మాట: తడి రంగు మీద వేలు పెట్టడం తప్పు. పెట్టింది మా బాపమ్మ అయినా, భక్తితోనే పెట్టినా సరే. ఆ రోజుల్లో (మరీ పాతకాలం కాదు, రెండు ఫోన్ల కిందటి మాట) నా కోపం ముక్కు మీద కాదు, బొటనవేలి మీద ఉండేది. ఎవరేమన్నా ముందు స్టేటస్ పెట్టేసి, తర్వాత ఆలోచించేదాన్ని.

హనుమకొండలో ఒక సారు దగ్గర ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుంటున్నాను. ఆయన మా బొమ్మలతో ఎగ్జిబిషన్ పెడతానన్నారు. విషయం 'దేవుడున్న చోటు'. గుడి వేయకూడదు, ల్యాండ్‌స్కేపే వేయాలి. ఆదివారం సాయంత్రం ఐదులోపు ఇచ్చినవాటిలో పదింటికే గోడ మీద చోటు. నేనేమో ఫోన్‌లో ఉన్నవాళ్లందరికీ, గ్యాస్ బండ తెచ్చే అన్నతో సహా, "నా బొమ్మ చూడ్డానికి రండి" అని ముందే మెసేజ్ పంపేశాను.

"నువ్వు ఏసే జాగకు పోయి రెండు గంటలు ఊకె కూసో బిడ్డా. ఫోన్ బయటికి తియ్యకు" అన్నారు సారు. నేను నర్సంపేట రోడ్డు మీద స్కూటీ ఆపి, పత్తి చేల వెనక ఉన్న గుట్టకు, బండి దిగకుండానే నలభై ఫోటోలు తీసుకుని వచ్చేశాను. ఒక ఫోటో ముందు పెట్టుకుని మూడు వారాలు వేశాను. గుట్ట కింద ఒక రాయి, దాని మీద ఎర్రగా, పచ్చగా ఏదో చెత్త. ఎవరో పడేసిన గుట్కా పాకెట్ అనుకుని, అది లేకుండా రాయిని శుభ్రంగా వేశాను. (ఆ శుభ్రతలోనే ఆధ్యాత్మికత ఉందని మా ఫ్రెండ్‌కు వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను.)

ఆదివారం మూడింటికి చివరి మెరుగులు దిద్ది, ఆటో బుక్ చేద్దామని సిగ్నల్ కోసం డాబా ఎక్కాను. దిగి వచ్చేసరికి బాపమ్మ బొమ్మను ముట్టుకుని కళ్లకద్దుకుంటోంది. నా రాయి మీద పసుపు, మధ్యలో కుంకుమ. ఆమె కనురెప్పలు రెండూ నా గుట్ట రంగు.

"బాపమ్మా! ఏం చేసినవే?"

"పోచమ్మకు బొట్టు వెట్టిన. గట్ల బోడి మొకంతోని నిలవెడ్తవా అమ్మను?"

"అది రాయి! నేనేసిన రాయి!"

"నువ్వేస్తే రాయైతదా? మీ నాయిన కడుపుల వడ్డప్పుడు ఆడనే బోనం మొక్కుకున్న. జర ఒర్రకు."

కత్తితో గీకాను. పసుపు పత్తి చేలోకి పాకింది. గుడ్డతో తుడిచాను. చేనంతా తెగులు పట్టినట్టయింది. నాలుగు దాటింది. కింద ఆటో అన్న హారన్ మీద హారన్. మళ్లీ డాబా మెట్లెక్కి సారుకు వీడియో కాల్ చేశాను, సగం ఏడుపు, సగం అరుపు.

"ఫికర్ జెయ్యకు. ముందు నీ ఫోటోల ఏమున్నదో పెద్దగ జేసి సూడు" అన్నారు.

రెండు వేళ్లతో రాయిని పెద్దది చేశాను. అది పాకెట్ కాదు. పసుపు. దాని మీద బొట్టు. పక్కన కాలిపోయిన అగరబత్తి పుల్లలు. దేవుడున్న చోటు వేస్తానని బయల్దేరి, మూడు వారాలు కళ్లముందు పెట్టుకుని, దేవతనే చెత్త అనుకుని తీసేశాను.

"బాపమ్మా... ఇంకోసారి పెట్టవా?" అన్నాను దిగి వచ్చి.

"గిప్పుడు ఖరాబు గాదా నీ బొమ్మ?" అంటూనే వేలు పసుపులో ముంచింది.

ఐదుకు రెండు నిమిషాల ముందు ఇచ్చాను. గోడ మీద చోటు మాత్రం రాలేదు. "బొట్టు బాగున్నది బిడ్డా. గుట్టనే ఫోన్ల ఫోటో లెక్క ఉన్నది" అన్నారు సారు. (గ్యాస్ అన్న వచ్చి నా బొమ్మ కోసం హాలంతా వెతికాడట, పాపం.)

ఇప్పుడా గుట్ట బాపమ్మ దేవుడి పటాల పక్కన ఉంది, శుక్రవారం శుక్రవారం అగరబత్తి పొగ తాగుతూ. నేనూ అప్పుడప్పుడు నర్సంపేట రోడ్డు గుట్టకు వెళ్లి ఆ రాయి దగ్గర ఊరికే కూర్చుంటున్నాను, ఫోన్ స్కూటీ డిక్కీలో పెట్టి. (గంట దాటితే చెయ్యి డిక్కీ వైపు పోతుంది, ఒప్పుకుంటాను.) రంగు ఆరేదాకా బాపమ్మ ఆగి ఉంటే, ఆ బొట్టు అందులో నిలిచేదే కాదని నాకూ తెలుసు. అయినా తప్పు తప్పే. ఏం, కాదంటారా?