ఊ గారి సొరుగులో పిప్పళ్ళు

నేను చదివింది మా ఊరి బళ్ళో ఎనిమిదో తరగతి. అయినా తెనాలి బజార్లో పచారీ కొట్టు పెట్టి, పేరున్న ఆయుర్వేద వైద్యులు కూడా నా దగ్గరే సరుకు కొనేలా చేసుకున్నవాణ్ణి. కళ్ళకు గంతలు కట్టి చేతిలో పెట్టినా, ఏ దినుసో, పాతదో కొత్తదో వాసనను బట్టి చెప్పేసేవాణ్ణి. గొప్పకు చెప్పడం లేదు. ఊ గారి సంగతి చెప్పాలంటే నా సంగతీ కాస్త తెలియాలి.

1984లో మా అమ్మాయి విజయశ్రీ పురిటికి నేనూ నా భార్య లలితా మిషిగన్‌లోని ట్రాయ్‌కి వెళ్ళాం. బాలింతకు పెట్టే కాయం కోసం దంచి తెచ్చిన పొడిని ఎయిర్‌పోర్టులో తీసి పారేశారు. మనవడు పుట్టాడు. అల్లం ఎండబెట్టి శొంఠి చేసుకున్నాం, మిరియాలు కొనుక్కున్నాం. పిప్పళ్ళు మాత్రం ఎక్కడా లేవు. పిప్పళ్ళు లేనిది కాయమే కాదని లలిత పట్టు. ఊరందరి పురుళ్ళకూ సరుకు తూచి ఇచ్చినవాణ్ణి, కన్నకూతురికి గుప్పెడు పిప్పళ్ళు తేలేకపోతున్నానే అని నాకు అన్నం సహించలేదు.

అల్లుడు రవికుమార్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆఫీసులో ఎవరో చెబితే, పక్క ఊళ్ళో ఉన్న చైనా మందుల కొట్టుకు నన్ను కార్‌లో తీసుకెళ్ళాడు. గోడ నిండా చెక్క సొరుగులు, వాటి ముందు బక్కపలచని పెద్దాయన. పేరు అడిగాను. “ఊ” అన్నారు. వింటున్నారు కాబోలనుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ “ఊ” అన్నారు.

“ఆయన పేరే ఊ, మామయ్యగారూ,” అన్నాడు అల్లుడు నవ్వాపుకుంటూ.

ఊ గారు కుర్రతనంలో చైనాలోని కాంటన్ దగ్గర ఓ మందుల కొట్లో పని నేర్చారట. డిట్రాయిట్ వచ్చి ఏళ్ళ తరబడి లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేసి, వయసు మళ్ళాక ఈ కొట్టు పెట్టుకున్నారట. సొరుగులు ఒక్కొక్కటే లాగి చూపించారు. దాల్చిన చెక్క, లవంగాలు, సోంపు, జాజికాయ, ఎండిన నారింజ తొక్క. చాలామటుకు మా వంటింటి సరుకే. ఇది మసాలాలోకి, ఇది తాంబూలంలోకి అని నేనంటే, ఆయన కడుపో గొంతో పట్టుకుని అది ఏ బాధకు మందో చూపించేవారు.

కింది సొరుగులో పిప్పళ్ళు కనబడ్డాయి. చెయ్యి చాచాను. ఊ గారు సొరుగు మూసేసి, నా మణికట్టు పట్టుకుని నాడి చూశారు. నాలుక చాపమన్నారు, చాపాను. తల అడ్డంగా ఊపారు. నా ఒంటికి పిప్పళ్ళు పడవట, అమ్మరట. వ్యాపారం మొదలెట్టాక నాకు సరుకు ఇవ్వనన్న మొదటి మనిషి ఆయనే.

“నాక్కాదయ్యా, బాలింతకి,” అంటూ చేతులు కట్టి పసిబిడ్డను ఊపుతున్నట్టు చూపించాను. అల్లుడు ఇంగ్లీషులో చెప్పాడు. ఊ గారి ముఖం విప్పారింది. లోపలికెళ్ళి ఓ జాడీ పట్టుకొచ్చారు. అల్లం వేసి వెనిగర్‌లో కాచింది, వాళ్ళ బాలింతలకు పెట్టేదట. ఘుమఘుమలాడుతోంది. రుచి చూద్దామని చెంచా నోటి దాకా తీసుకెళ్ళాను.

“మామయ్యగారూ, అందులో పంది కాళ్ళున్నాయట.”

చెంచా మర్యాదగా దించేశాను. ఊ గారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, పిప్పళ్ళు తూచి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. ఆ మడత, ఆ దారం బిగింపు అచ్చం మా బజారు పనే.

ఇంటికి రాగానే లలిత ఒకటి కొరికి చూసింది. “మన కొట్లో వాటికంటే ఇవే ఘాటుగా ఉన్నాయండీ,” అంది.

నా సరుక్కి వంక పెట్టినవాళ్ళు అంతకు ముందు లేరు. అయినా వాటిని నేనే దంచి ఇచ్చాను. ఆ సాయంత్రం అమ్మాయి కాయం కలిపిన నేతి ముద్ద తిని, ఇంకొంచెం పెట్టమ్మా అని అడిగింది.