మాస్టారు అనని మాట

మా ఇంగ్లీషు మాస్టారు పోయారన్న కబురు ఆదివారం ఆరాధనలో, నా ప్రసంగం మధ్యలో చీటీగా అందింది. జేబులో పెట్టుకుని ఇంకో పావుగంట మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు.

ఆయన అనంతగిరి దగ్గర ఆశ్రమ పాఠశాల టీచరు. తొంభైల్లో మా కొండమీది సువార్త కూటాలకి ఏటా బయటినుంచి ఒక ఇంగ్లీషు బోధకుడు వచ్చేవాడు. పక్కన నిలబడి తెలుగు చేసేది మాస్టారే. అరిచేవారు కాదు, చెయ్యి ఊపేవారు కాదు. అయినా జనం కళ్లు ఆయన మీదే. నాకది కడుపుమంట. లోకంలో మొదటి హత్య అసూయతోనే జరిగిందని గొంతు చించుకుని బోధించేవాణ్ణీ నేనే.

అయిదుతో బడి మానేసి, బైబిలు పట్టుకుని చదువు నేర్చుకున్నవాణ్ణి. ఆయన చోటు లాక్కోవాలనే, ఇంగ్లీషు నేర్పమని ఆయన దగ్గరికే వెళ్లాను. ఎందుకని అడగలేదు. కాఫీ గింజలు ఆరబోసిన వాకిట్లో కూర్చోబెట్టి డైరెక్ట్, ఇండైరెక్ట్ స్పీచ్ చెప్పారు. ఆశ్రమ పాఠశాల గుంటలు, చిన్నపిల్లలు, రెండు రోజుల్లో పట్టేసిన పాఠం నాకు నెలలు పట్టింది. వాళ్లమీదా కుళ్లుకున్నాను.

టీ చల్లారిపోతోందని మాస్టారి భార్య లోపలినుంచి అంటే, ఆవిడ ఏమన్నారో ఆయన నన్ను ఇంగ్లీషులో చెప్పమనేవారు. నేను చెప్పి, త్వరగా రమ్మన్నారని నాదొకటి తగిలించేవాణ్ణి.

“ఆవిడ బేగి రమ్మన్లేదు కదా తమ్ముడూ. అవతలోళ్ల మాట ఎంతుంటే అంతే మొయ్యి.”

ఓ ఏడాది కూటాల ముందు సంఘపెద్దల దగ్గరికి వెళ్లాను. ఈసారి తనవల్ల కాదని, నన్ను నిలబెట్టమని మాస్టారు అన్నారని చెప్పాను. ఆయన అనలేదు. అబద్ధసాక్ష్యం కూడదన్న ఆజ్ఞ నా చంకలో పుస్తకంలోనే ఉంది.

పెద్దలు నన్ను వెంటబెట్టుకునే వెళ్లి ఆయన్ని అడిగారు. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నావైపు చూశారు.

“అవును. అన్నాను.”

వాళ్లు వెళ్లినా నేను వాకిట్లోనే ఉండిపోయాను.

“ఏటలా నిలబడిపోనావు? ఈసారొచ్చే ఆయన బేగి బేగి మాటాడతాడంట. కూకో, సాధన సేద్దాం.”

మళ్లీ ఆయన వేదిక ఎక్కలేదు. తాను అనని మాటమీద చివరిదాకా నిలబడ్డారు. ఆ చోటు నాకు దక్కింది. ఆ పెద్దమనసు దక్కలేదు. దానికీ ఆయనమీద అసూయే. సమాధి దగ్గర ఇది చెప్పలేకపోయాను. అందుకే మీకు రాస్తున్నాను.

ఆ ఏడాది కూటాల్లో ఆయన చివరి చాపమీద కూర్చున్నారు. పెదాలు మాత్రం చప్పుడు లేకుండా కదులుతున్నాయి. నేను తడబడినచోట అవీ ఆగేవి. నేను అందుకునేదాకా ఎదురుచూసి, మళ్లీ కదిలేవి.