బోరు కాడి తడి నేల

మొన్న మనూర్ దగ్గరి మా చేలో కొత్త మోటారు దించినప్పుడు, ఎర్త్ కోసం మిస్త్రీ గుంత తవ్వి అందులో బొగ్గూ ఉప్పూ పోస్తుంటే, గట్టు మీద నిలబడ్డ నాకు మా అత్త కళ్ల ముందుకొచ్చింది.

నేను కోడలిగా వచ్చేసరికి ఆ చేలో బోరు పడి ఏడాదైంది. నీళ్లు పడ్డ నెలలోనే మామ ఆ బోరు పక్కనే గుండె ఆగి పోయాడట. ఆయన్ని నేను చూడలేదు గానీ, మోటారు నడిచేటప్పుడు అక్కడి తడిమట్టిలో వట్టికాళ్లతో అడుగుపెడితే, కిందినుంచి ఎవరో వేళ్లతో అరికాళ్లు తడిమినట్టు సన్నగా జివ్వుమనేది. మోటారు ఆగితే అదీ ఆగేది. కంది కోతకు వచ్చిన ఆడవాళ్లు దాహమైనా ఆ పక్కకు పోయేవారు కాదు.

ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మా అత్త మాత్రం రోజూ మధ్యాహ్నం చెప్పులు విడిచి ఆ తడిలో నిలబడి, ఇంటి సంగతులన్నీ నేలకు చెప్పుకునేది. ఒకసారి నేను భయపడి పిలిస్తే, "ఉండనీ బిడ్డా. గీడనే ఉన్నడు. నా కాళ్లు పట్టుకుంటుండు" అంది. ఆ గొంతులో ఏడుపు లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. చెప్పొద్దూ, నేనూ నమ్మాను.

ఆ ఎండాకాలం, బోరు పక్కనున్న తొట్టి దగ్గరికి రానని మొండికేసిన బర్రెను నా భర్త బలవంతంగా తోలుకుపోయాడు. మూతి నీళ్లకు తగలగానే అది అరవనైనా అరవకుండా ముందుకాళ్ల మీద కూలిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నా భర్త పరుగున పోయి మోటారు ఆపాక, అత్త దాని పక్కన కూర్చుని, బోరు వైపు చూస్తూ, "దీన్నెందుకు తీస్కపోయినవ్?" అని అడిగింది.

కల్హేర్‌లో మోటార్లు బాగుచేసే మా అన్నను పిలిపించాం. మోటారు పైకి తీయించి చూస్తే, కేబుల్ ఒరుసుకుపోయి కరెంటు ఇనుప పైపుకు పాకుతోందని, దాన్ని భూమి లోతుకు దించాల్సిన ఎర్త్ తీగ ఎప్పుడో తుప్పుపట్టి తెగిపోయిందని తేలింది. "ఇంకింత ఎక్కువైతే మీ అత్త గూడ దక్కకపోతుండె" అన్నాడు అన్న నాతో, మెల్లగా.

కేబుల్ మార్చి, కొత్తగా ఎర్త్ వేసి, మోటారు నడిపించాడు. అత్త వచ్చి చెప్పులు విడిచి తడిలో నిలబడింది. అక్కడ కాదని ఇంకోచోట, బోరు చుట్టూ తిరుగుతూ అడుగులు మార్చి మార్చి చూసుకుంది. చివరికి "పోయిండు" అని, మామ పోయిన రోజు కూడా ఏడవలేదని అందరూ చెప్పుకునే మనిషి, ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చింది. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ చేలోకి రాలేదు.

ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కితే మోటారు నడుస్తుంది, నీళ్లు సన్నటి పైపుల్లో చుక్కలుగా మొక్కల మొదళ్లకే పోతాయి, ఎవరి ప్రాణానికీ భయం లేదు. అలాగే ఉండాలి కూడా. నా భర్త పోయాక నేనూ అప్పుడప్పుడు బోరు దాకా నడిచిపోతుంటాను. చెప్పాల్సిన సంగతులు నాకూ చాలా ఉంటాయి గానీ, నేల పొడిగా ఉంటుంది. కాసేపు నిలబడి ఇంటికి వచ్చేస్తాను.