బొంబాయికి నచ్చని నవ్వు

కామారెడ్డి స్టేషను దగ్గర నాకు ఫొటో దుకాణం ఉండేది. పెళ్లిళ్లకు, దొరల ఇళ్లకు వెళ్లి ఫొటోలు తీసి బతికేవాణ్ణి గానీ, మనసంతా బొంబాయి మీదే. అక్కడ ఒక బొమ్మల కంపెనీ పల్లె ఫొటోలు కొని నిల్వ పెట్టుకుని, క్యాలెండర్ల వాళ్లకూ పత్రికల వాళ్లకూ ఇచ్చేది. వాళ్లకు కాగితం మీది ఫొటో పనికిరాదు, ప్రతులు తీసుకోవడానికి బొమ్మ పడిన గాజు పలకే పంపాలి. నచ్చితే పలక వాళ్లదే, ఇక తిరిగి రాదు. నచ్చకపోతే గడ్డిలో చుట్టి, అదే చెక్కపెట్టెలో వెనక్కి పంపేవారు.

నావన్నీ వెనక్కే వచ్చేవి. "మనుషులు కొయ్యల్లా నిలబడ్డారు" అని ఇంగ్లీషు చీటీ ఒకటి. నిలబడరా మరి! మా దిక్కు జనం కెమెరా ముందుకు రాగానే ఊపిరి బిగబట్టి, చేతులు తొడలకు అంటించి, పోలీసు పటేలు పిలిపించినట్టు నిలబడేవారు. నవ్వమంటే, "ఫొటోల నవ్వితె పిచ్చోళ్లనుకోరా?" అని నన్నే తిట్టేవారు. పెట్టె వచ్చిన రోజు నాకు అన్నం సహించేది కాదు. మా ఆవిడ ఊరుకునేదా? "అచ్చింది మీ బిడ్డ. అత్తగారింట్ల మల్ల కాలు నిలువలే" అనేది. "వాళ్ల బొంద! బొంబాయోళ్లకు ఏం తెలుసు మన సంగతి?" అని నేను అరిచేవాణ్ణి.

యుద్ధం మొదలై ఫొటో కాగితానికి కరువొచ్చిన రోజుల్లో, ఎల్లారెడ్డి అంగడిలో ఒక రైతును తీశాను. నాగిరెడ్డిపేట మనిషి. అమ్మకానికి తెచ్చిన ఎద్దు నోరు తెరిచి పట్టి, దాని పళ్లు చూపిస్తూ, అందరిలాగే బిగుసుకుని నిలబడ్డాడు. నేను కెమెరా మూత తీశానో లేదో, ఎద్దు నాలుక చాపి అతని ముఖమంతా నాకింది. పకపకా నవ్వాడు. అంగడంతా నవ్వింది. అంత మంచి నవ్వు అంతకు ముందెప్పుడూ నాకు దొరకలేదు. కాగితం లేక ఒక్క ప్రతి కూడా తీసుకోకుండానే ఆ పలకను బొంబాయికి పంపాను. ఈసారి ఎట్లా కాదంటారో చూస్తా అనుకున్నాను.

కొన్నాళ్లకు ఒక ముసలావిడ బస్సు దిగి దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. ఆ రైతు తల్లి. కొడుకు జ్వరమొచ్చి చనిపోయాడట.

"అంగట్ల ఫొటో దింపిండ్రని ఇంటికచ్చి చెప్పిండు కొడుకా. గది ఇయ్యి. కోడలు కడుపుతోనున్నది. పుట్టేటోళ్లు రేపు మా బాపు ఎట్లుంటుండె అంటె ఏం జూపియ్యాలె?"

"బొంబాయిల ఉన్నది అవ్వా," అన్నాను. "ఆళ్లకు నచ్చితె ఇగ రాదు."

"నచ్చకుంటె?"

"తిరిగొస్తది."

"అయితె నచ్చద్దని మొక్కుత." లేవబోయి మళ్లీ కూర్చుంది. "నా కొడుకు ఎవలికి నచ్చకుంటడు?" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పలక వెనక్కి పంపమని ఆ రోజే ఉత్తరం రాశాను. జవాబు లేదు. రోజూ బండి వేళకు వెళ్లి పార్సిళ్ల గది ముందు నిలబడేవాణ్ణి. నా ఫొటో పనికిరాదనాలని నేనే మొక్కుకున్నాను, అదేం బతుకో! మా ఆవిడ కూడా ఎగతాళి మానేసి, దీపం పెట్టేటప్పుడు పెట్టె సంగతి దేవుడికి చెప్పేది.

వచ్చింది. నా తొందరకు మేకులు ఊడిరాకపోతే మా ఆవిడే సుత్తి లాక్కుని తెరిచింది. పలక పగలలేదు. హమ్మయ్య! "మనిషి కదిలాడు, ముఖం చెదిరింది" అని చీటీ. ఆ నవ్వును ఎట్లా కాదన్నార్రా అని ఒక్క క్షణం పాత కోపం పొడుచుకొచ్చింది. అంతలోనే నవ్వొచ్చింది. వాళ్ల కడుపు చల్లగుండ!

పెళ్లివారి కోసం దాచిన కాగితం మీద ఎండలో ప్రతి తీసి, ఎల్లారెడ్డి మీదుగా నాగిరెడ్డిపేట వెళ్లాను. బొంబాయి వాళ్లు అన్నది అబద్ధం కాదు. తల ఊగింది, ఒక చెంప పొగలా చెదిరింది. ఇదా నా కొడుకు అంటుందేమోనని దారి పొడుగునా భయమే. ముసలావిడ ఫొటోను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"జర కదిలిండు అవ్వా," అన్నాను.

"వాడు ఎన్నడు కుదురుగున్నడు కొడుకా?" అంది. నవ్వుతోంది, కళ్లు కారుతున్నాయి. లోపలికి తిరిగి కోడలిని కేకేసింది.

"ఓ పిల్లా, ఇటు రా! మనోడు ఇంటికచ్చిండు."